మా బేస్‌మెంట్ ఆల్బమ్‌లో పదో పాట

ముందే ఒప్పేసుకుంటున్నాను, నేను ఉన్నది ఉన్నట్టు చెప్పే మనిషిని కాను. మా ఇంట్లో పాలు పొంగితే పొయ్యి దాకా పొంగుతాయి. అదే నేను చెబితే పక్క వీధి దాకా పొంగుతాయి. ఇరవై రెండేళ్ల కాపురంలో మా ఆవిడ దీనికో సూత్రం కనిపెట్టింది. నేనే అంకె చెప్పినా ముందు దాన్ని సగం చేస్తుంది, ఆ సగంలోంచి ఇంకో రెండు తీసేస్తుంది. సూత్రం ఇంచుమించుగా ఎప్పుడూ పనిచేస్తుంది. మాకు ఒక్కడే కొడుకని నేను ఎవరితోనో అన్నప్పుడు మాత్రం, లెక్క ప్రకారం మేమే ఎవరికో ఒకటిన్నర కొడుకు బాకీ పడ్డాం. చదివేవారు కూడా ఈ సూత్రాన్ని దగ్గర పెట్టుకుంటే మంచిది.

సంగతి సెప్టెంబరులో మొదలైంది. మిషిగన్‌లోని మా నోవైలో సెప్టెంబరు అంటే, రాబోయే పద్నాలుగు నెలల మంచుకి ముందు మనుషులు గరాజ్ తలుపులెత్తి ఒకరి చెత్త ఒకరు కొనుక్కునే నెల. మేమూ ఓ శనివారం రెండు బల్లలు వేసి, పాత రైస్ కుక్కరు, ఎవరికీ సరిపోని బూట్లు, మా వాడి కీబోర్డు పెట్టాం.

ఆ కీబోర్డు గురించి కాస్త చెప్పాలి. ఇక్కడ తెలుగువాళ్ల ఇంట్లో పుట్టిన ప్రతి బిడ్డకీ మూడు కర్మలు తప్పవు: ఈత, స్పెల్లింగ్ పోటీ, కీబోర్డు. మొదటి రెండూ ఎలా ముగుస్తాయన్నది ఇంటింటికీ మారుతుంది. మూడోది మాత్రం అన్ని ఇళ్లలోనూ ఒకేలా ముగుస్తుంది. ఆరు నెలలు వాయిస్తారు. ఏడో నెలలో అది బేస్‌మెంట్‌లో పాత సూట్‌కేసుల వెనక్కి చేరి, పిల్లలు కాలేజీకి వెళ్లేదాకా అక్కడే తపస్సు చేస్తుంది. మా వాడిదీ అంతే. వాడు కాలేజీకి పోయాడు, కీబోర్డు అమ్మకానికొచ్చింది. రిమోట్‌కి కూడా ప్లాస్టిక్ తొడుగు తొడిగే జాతి మాది కాబట్టి, దానిమీదా కొన్ననాటి ప్లాస్టిక్ కవరు అలాగే ఉంది.

పక్కింటాయన వచ్చాడు. అమెరికావాడే, అరవై దాటాయి, స్కూలు బస్సు నడిపి రిటైరయ్యాడు. పదేళ్లుగా మా మధ్య నడిచిన సంభాషణ మొత్తం ఒక పోస్టుకార్డు మీద పడుతుంది. "చలిగా ఉంది" అని ఆయన, "అవును, చలిగా ఉంది" అని నేను. ఆ రోజు ఆయన ఊరికే అన్నట్టు కీబోర్డు మీద డ్రమ్ము బటను నొక్కాడు. అందులోంచి టక్కు టిక్కుమని, డబ్బాలో గోళీలు పోసి ఊపినట్టు ఓ దరువు మొదలైంది. ఆయన గుండె పట్టుకున్నాడు. అంబులెన్సుకి ఫోన్ చేయబోయాను.

"ఇది నా యవ్వనం!" అన్నాడాయన. కుర్రతనంలో ఆయనకో బ్యాండు ఉండేదట, అందులో గిటారు ఆయనదేనట. వాళ్లు వాయించిన సంగీతాన్ని న్యూ వేవ్ అంటారట. నాకు అర్థమైనంతవరకు, ఎనభైల్లో జుట్టంతా నిలబెట్టుకుని, ఎవరో పోయినట్టు మొహం పెట్టుకుని, ఇలాంటి చవక యంత్రాల దరువుకి ఒళ్లు మరచి గెంతడమే అది.

ఆయన ఇలా చెబుతుండగానే బల్ల వెనక కుర్చీలో ఉన్న మా ఆవిడ చెయ్యి చాపింది. దరువుకి సరిగ్గా సరిపోయేలా ఓ వరస వాయించింది. ప్లాస్టిక్ కవరు మీదనుంచే. ఎడం చెయ్యి ఒకటి, కుడి చెయ్యి ఇంకొకటి. నేను వెనక్కి తిరిగి చూశాను, ఇంకెవరైనా ఉన్నారేమోనని.

"నీకెప్పుడొచ్చిందే ఇది?"

"మీరు ఆఫీసుకీ వాడు బడికీ పోయాక ఏం చేసేదాన్ననుకున్నారు?" అంది.

తొమ్మిదేళ్లు ఆవిడ డిపెండెంట్ వీసా మీద ఉంది. ఉద్యోగం చేయడానికి వీల్లేదు. ఆ తొమ్మిదేళ్లూ మేం గడప దాటగానే కీబోర్డు బయటికి తీసి, వాడు వదిలేసిన పాఠాల పుస్తకాలన్నీ తాను పూర్తి చేసిందట. మేం వచ్చేలోపు కవరు సర్ది యథాస్థానంలో పెట్టేసేదట. సీటు బెల్టు పెట్టుకోకపోతే కారులో టింగు టింగుమని మోగుతుందే, ఆ సాఫ్ట్‌వేర్ రాసే బృందంలో నేనొకణ్ని. అంచేత ఇంట్లో సంగీతజ్ఞుణ్ని నేనే అనుకుంటూ వచ్చాను. పక్కింటాయన కీబోర్డు కొనలేదు. వాయించే మనిషిని తీసుకుపోయాడు.

ఆ ఇద్దరూ కట్టిన బ్యాండులో మూడో మనిషి మాకు ముందే తెలుసు. మెక్సికోలో పుట్టిన ఆవిడ డెంటిస్టు దగ్గర పళ్లు శుభ్రం చేస్తుంది. మా ఇద్దరి నోళ్లలోని రహస్యాలన్నీ ఆవిడకు తెలుసు. ఆవిడ డ్రమ్స్ వాయిస్తుందనీ, స్పానిష్‌లో పాటలు కడుతుందనీ మాత్రం మాకు తెలియదు. అడగడానికి ఆ కుర్చీలో నోరు ఖాళీగా ఉంటేగా. అక్టోబరుకల్లా ముగ్గురూ మా బేస్‌మెంట్‌లో చేరి ఆల్బమ్ చేద్దామని తీర్మానించారు. పది పాటలు. ఇంగ్లీషులో ఐదు, స్పానిష్‌లో నాలుగు, చిట్టచివర తెలుగులో ఒకటి. ఆ ఒకటీ మా ఆవిడే రాసి, వరస కట్టి, తానే పాడాలి.

స్టూడియో కట్టడం సులువైపోయింది. ఆ మధ్య ఇండియా నుంచి బియ్యం రావన్న కబురు రాగానే మా ఊళ్లో తెలుగువాళ్లందరూ కొట్ల మీద పడ్డారు. నేను డెబ్భై బస్తాల సోనా మసూరి తెచ్చి పడేశాను. వాటిని గోడల వెంబడి పేర్చేసరికి గది ఎంత నిశ్శబ్దమైందంటే, పక్కింటాయన చప్పట్లు కొట్టి చూసి, "వేలకి వేలు పోసిన స్టూడియోల్లో కూడా ఇంత బాగా ఉండదు" అన్నాడు. తర్వాత ఒక బస్తా మీద చెయ్యి వేసి, "ఇవన్నీ తింటారా?" అని భయంగా అడిగాడు.

పాత చవక కీబోర్డులు ఒక్కోదానికి ఒక్కో దరువు, ఒక్కో గొంతు ఉంటాయనీ, ఇంకో రెండు దొరికితే బాగుండుననీ కూడా ఆయనే అన్నాడు. మా ఆవిడ ఆడవాళ్ల వాట్సాప్ గ్రూపులో ఒక్క ముక్క రాసింది. ఆదివారం సాయంత్రానికి మా గుమ్మం ముందు పదమూడు కీబోర్డులు వచ్చిపడ్డాయి. ఒకదాని మెట్ల మీద స రి గ మ స్టిక్కర్లు. ఇంకోదానికి పూజ చేసినప్పటి పసుపు బొట్టు ఇంకా ఉంది. దాన్ని తెచ్చింది మా ఆవిడ స్నేహితురాలు, కరీంనగర్ మనిషి.

"ఇగో అక్కా, తీస్కో. మా పోరడు నాలుగు నెలలు గూడ వాయించలే. దీన్ని జూస్తే నాకు బీపీ లేస్తది" అంది. వెళుతూ వెళుతూ మళ్లీ వెనక్కొచ్చి, "కవర్ మాత్రం తియ్యకు, దుమ్ము వడ్తది" అని హెచ్చరించింది. పక్కింటాయన తీద్దామని ఎంత బతిమాలినా మా ఆవిడ ఏ కవరూ తీయనివ్వలేదు. ఆల్బమ్ మొత్తంలో మీకు సన్నగా చిటపటలు వినిపిస్తాయి. వినేవాళ్లు దాన్ని పాతకాలపు ధ్వని అని మెచ్చుకుంటున్నారు. అది ప్లాస్టిక్.

ఇంతవరకు అంతా బాగానే ఉంది. చెడగొట్టింది నేను.

ఓ ఆదివారం వాయించడం అయ్యాక అందరం పైన దోసెలు తింటున్నాం. డ్రమ్స్ ఆవిడ నన్ను అడిగింది, "మీ ఆవిడ ఇదివరకు ఎక్కడైనా పాడిందా?" అని. మా ఆవిడ పొయ్యి దగ్గర ఉంది, వినడం లేదు. చిన్నప్పుడు తనని ఒకసారి రేడియో స్టేషన్‌కి తీసుకెళ్లారని పెళ్లయిన కొత్తలో ఎప్పుడో చెప్పింది. నాకు తెలిసింది అంతే. అక్కడితో ఆపాల్సింది. కానీ చేతిలో దోసె, ఎదురుగా ఇద్దరు శ్రోతలు. ఆగితే నేనెందుకవుతాను?

"పాడటమా! రేడియోలో పేరు మోసిన గొంతు. ఆవిడ పాట వస్తోందంటే ఊళ్లో రిక్షాలు ఎక్కడివక్కడ ఆగిపోయేవి" అన్నాను.

జనవరిలో ఊరి లైబ్రరీ వాళ్లు ఆల్బమ్‌ని ఒక సాయంత్రం అందరికీ వినిపించడానికి ఒప్పుకున్నారు. పక్కింటాయన ఉత్సాహంగా కాగితాలు అచ్చువేయించాడు. తీసుకెళ్లి మన కిరాణా కొట్టు బోర్డు మీద, పేయింగ్ గెస్ట్ ప్రకటనకీ వీసా లాయరు ప్రకటనకీ మధ్య అంటించాడు. కొత్తిమీర కోసం వెళ్లిన కరీంనగర్ ఆవిడ అక్కడి నుంచే ఫోన్ చేసింది.

"అక్కా! నువ్వు రేడియో స్టారువా? ఎన్నడు జెప్పలేదేంది?"

మా ఆవిడ ఆ కాగితం ఫోటో తెప్పించుకుని చూసింది. 'భారతదేశపు రేడియో తార, తొలిసారిగా మిషిగన్‌లో.'

"ఏవండీ, ఇదేంటి?"

"ఏది?"

"మీ మొహం చూస్తేనే తెలుస్తోంది ఏదో."

"నువ్వు రేడియోలో పాడలేదూ? నువ్వే చెప్పావుగా."

ఆవిడ బేస్‌మెంట్ మెట్ల మీద కూర్చుంది. కోపంతో అరుస్తుందనుకున్నాను. అరవలేదు.

"మా బళ్లోంచి పన్నెండు మందిని తీసుకెళ్లారు. నాకు తొమ్మిదేళ్లు. అమ్మ కొత్త గౌను కుట్టించింది. రికార్డింగు ముందు ఒకాయన వచ్చి, నీ గొంతు అందర్లోంచి బయటికొచ్చేస్తోందమ్మా, నువ్వు పెదాలు కదుపు చాలు, పాడకు అన్నాడు. పెదాలు కదిపాను. ఆ వారం ఇంటిల్లిపాదీ రేడియో ముందు కూర్చుని, అదిగో నీ గొంతు, అదిగదిగో అని మురిసిపోయారు. నేను అవునన్నాను. అప్పట్నుంచి మనుషుల ముందు నోరు తెరిచి పాడితే ఒట్టు."

నిజమే. పెళ్లిళ్లలో, పేరంటాల్లో, పుట్టినరోజు పాటలో కూడా ఆవిడ గొంతు నేనెప్పుడూ వినలేదు. ఇరవై రెండేళ్లలో ఆ సంగతి నాకు తట్టనే లేదు.

"మరి ఈ పాట పాడతానన్నావుగా?"

"ఇక్కడ నేనెవరో ఎవరికీ తెలీదు కదా, బాగున్నా బాగోకపోయినా పాడేద్దామనుకున్నాను. ఇప్పుడు మీరు నన్ను తారని చేసి కూర్చోబెట్టారు. తారలు తప్పులు పాడకూడదు. నా వల్ల కాదు. తొమ్మిది పాటలకీ వాయిస్తాను. పదోది తీసేయమనండి."

ఆ పాట ఏమిటో చెప్పాలిప్పుడు. కాగితం మీద చూశాను కాబట్టి పల్లవి నాకు తెలుసు:

*గరాజ్ తలుపు లేస్తుంది, వీధి కొంచెం నాదవుతుంది,*
*గరాజ్ తలుపు వాలుతుంది, వీధి మళ్లీ నీదవుతుంది.*

ఆ 'నీ' ఎవరని అడిగే ధైర్యం నాకు లేకపోయింది. ఆ తొమ్మిదేళ్లూ మా గరాజ్‌లోంచి రోజూ బయటికి పోయిన కారు ఒక్కటే.

వ్యవధి కూడా లేదు. డ్రమ్స్ ఆవిడ నెలాఖరుకి అరిజోనా వెళ్లిపోతోంది, అక్కడ కొత్త ఉద్యోగం. రికార్డింగుకి మిగిలింది ఒకే ఒక్క శనివారం. ఆ రోజు పాడకపోతే ఆల్బమ్ తొమ్మిది పాటలతో ముగుస్తుంది, తెలుగు లేకుండా.

నడుము లోతు మంచులో ఈదుకుంటూ పక్కింటికి వెళ్లాను. రేడియో తార అన్నది అబద్ధం, పెదాలు కదపడమే నిజం అని పక్కింటాయన ముందు ఒప్పేసుకున్నాను. ఆయన కాఫీ కప్పు కింద పెట్టలేదు.

"నువ్వు చెప్పేదాంట్లో సగం నేను మొదటి రోజునుంచే తీసేస్తున్నాను బడ్డీ. రిక్షాలు ఆగాయన్నావు. ముప్ఫై ఏళ్లు బస్సు నడిపాను. బండి దేనికి ఆగుతుందో నాకు తెలుసు. పాటకి ఆగదు."

"మరి అచ్చెందుకు వేయించావు?"

"చదవడానికి బాగుందని."

ఆయన వెంటనే వెళ్లి కొట్టు బోర్డు మీద కాగితం పీకేసి, చేతిలో ఆరు సమోసాలతో తిరిగొచ్చాడు. కానీ కాగితం చిరిగినంత తేలిగ్గా మాట చిరగదు కదా. మా ఆవిడ మెత్తబడలేదు. రోజూ కిందికి వెళ్లి కీబోర్డు వాయించి వస్తోంది. నోరు మాత్రం బిగించే ఉంది.

గురువారం సాయంత్రం డ్రమ్స్ ఆవిడ వచ్చింది. బూట్లు గుమ్మం దగ్గర విప్పి, వంటింట్లోకి వచ్చి, నేను చెప్పిన అబద్ధం గురించిగానీ రేడియో గురించిగానీ ఒక్క మాట ఎత్తలేదు. మా ఆవిడ చిక్కుడుకాయలు తరుగుతోంది.

"కోరస్ నేను పాడాలిగా, నేర్చుకున్నాను. వచ్చినవాళ్ల పళ్లు శుభ్రం చేస్తూ ప్రాక్టీసు చేశాను. ఎవరూ వద్దనలేదు, అందరి నోళ్లూ తెరిచే ఉన్నాయి" అంది.

కౌంటర్ మీద రెండు గరిటెలతో దరువేస్తూ మొదలుపెట్టింది. ఒక్క తెలుగు ముక్క తెలియని మనిషి, మాటలన్నీ కంఠతా పట్టింది. వరసే కొంచెం దారి తప్పింది. 'లేస్తుంది' దగ్గర ఆగాల్సింది పోయి కిలోమీటరు పొడుగున సాగదీసింది. మా ఆవిడ కత్తి ఆగింది. వండేదాంట్లో ఉప్పు తేడా వచ్చినా, మడతలో దుప్పటి అంచు కలవకపోయినా ఊరుకోలేని మనిషి ఆవిడ.

"అక్కడ కాదు సాగదీయాల్సింది" అంది. మళ్లీ తప్పే పాడింది డ్రమ్స్ ఆవిడ. "కాదమ్మా, ఇలా" అని మా ఆవిడ పాడి చూపించింది.

గట్టిగా. నోరు తెరిచి. చేతిలో చిక్కుడుకాయతో.

రెండు పాదాలు పాడాక తాను చేస్తున్నదేమిటో ఆవిడకి తెలిసొచ్చింది. ఆగిపోయి నా వంక చూసింది. డ్రమ్స్ ఆవిడ గరిటెలు ఆపలేదు, అదే వేగంతో వేస్తూనే ఉంది.

"ఏవండీ, మీరు కాసేపు బయటికెళ్లండి."

బయట మైనస్ అరవై డిగ్రీలు. వెళ్లి, పొద్దున్న తవ్విన డ్రైవ్‌వేనే మళ్లీ తవ్వాను. కిటికీ అద్దంలోంచి ఇద్దరి తలలూ ఊగుతూ కనిపించాయి. మాట వినపడలేదు. డ్రైవ్‌వే చాలా శుభ్రంగా అయింది.

శనివారం పదింటికి రికార్డింగు. ఫర్నేసు చప్పుడు మైకుల్లో పడుతుందని ఇంట్లో వేడి ఆపేశాం. కుక్కరు కూత పెట్టకూడదు కాబట్టి వంట లేదు. కాసేపటికి గోడలు చల్లబడి, అక్వేరియంలో చేపలు స్వెట్టర్లు అడిగాయి. నేను కిందికి వెళ్లి ఓ బియ్యం బస్తా మీద కూర్చున్నాను. పక్కింటాయన తల ఊపాడు. పదమూడో కీబోర్డు, అదే పసుపు బొట్టుది, దరువు మొదలెట్టింది. మా ఆవిడ శాలువా కప్పుకుని, మైకుకి జానెడు దూరంలో కళ్లు మూసుకుని నిలబడింది. మొదటిసారి రెండో చరణంలో మాట తడబడి ఆగిపోయింది. రెండోసారి నవ్వొచ్చి ఆగిపోయింది. మూడోసారి ఆగలేదు. ఆవిడ నోట్లోంచి ఆవిరి తెల్లగా బయటికొస్తుంటే, ఆ ఆవిరితో కలిసి ఆ గొంతు నిజంగానే అందర్లోంచి బయటికొచ్చింది. డ్రమ్స్‌నీ గిటారునీ దాటుకుని, బియ్యం బస్తాల్ని దాటుకుని వచ్చింది. రేడియో స్టేషన్ ఆయన చెప్పింది నిజమే. ఆ గొంతు గుంపులో ఇమడదు.

ఆ రకంగా పది పాటల ఆల్బమ్ పది పాటలతోనే పూర్తయింది. లైబ్రరీ సాయంత్రానికి నాలుగొందల మంది వచ్చారు. మీ సూత్రం మీ దగ్గరుంది. వచ్చినవాళ్లలో సగం మంది కీబోర్డులిచ్చిన తల్లులే. ప్రతి పాటకీ పక్కవాళ్లని పొడిచి, "అది మాదే, అది మాదే" అనుకున్నారు. పదో పాటకి మాత్రం ఎవరూ ఎవర్నీ పొడవలేదు. డ్రమ్స్ ఆవిడ ఇప్పుడు అరిజోనాలో ఉంది. మా పళ్లు కొత్త మనిషి చూస్తున్నాడు, పాడడు.

ఇక ఇందులో నేను కల్పించిందేమిటో చెప్పాలి. చేపల సంగతి మీరే పట్టేసి ఉంటారు, మాకసలు అక్వేరియమే లేదు. కీబోర్డులు పదమూడన్నది మాత్రం నిజం, కావాలంటే వచ్చి లెక్కపెట్టుకోండి. ఇవన్నీ చిల్లర. అసలు కల్పన ఒకటుంది. ఆ శనివారం నేను బేస్‌మెంట్‌లో లేను. రానివ్వలేదు. "మీరుంటే పాడలేను. వేడి ఆపడం, పాట అవగానే మళ్లీ పెట్టడం, అంతే మీ పని" అని పొద్దున్నే చెప్పేసింది. శాలువా సంగతీ, మూసుకున్న కళ్ల సంగతీ డ్రమ్స్ ఆవిడ చెబితే తెలిసినవి. ఆవిరి నేను కల్పించుకున్నాను.

నేనున్నది పైన వంటింట్లో. వేడిగాలి ఆగిపోయిన గొట్టాల్లోంచి కింది చప్పుడు పైకి వస్తుందని అప్పుడే తెలిసింది. జాకెట్టు వేసుకుని, చల్లటి టైల్స్ మీద బోర్లా పడుకుని, నేలలో ఉన్న వెంటు జాలీకి చెవి ఆనించి విన్నాను. మాటలు సరిగా అర్థం కాలేదు. గొంతు మాత్రం తెలిసింది. అది మూడోసారో నాలుగోసారో కూడా నాకు తెలియదు. పాట అయిపోయింది. నేను లేచి వేడి పెట్టాలి. లేవలేకపోయాను.

"ఏవండీ, హీటు!" అని కిందనుంచి కేక వేసింది.